ఆంగ్లమున విశేషణ తుమున్నర్థకముల పొందిక

ఒక వార్షిక పరీక్షలో అనువాదమునకై రెండు చిన్న ఆంగ్ల వాక్యములు ఈయబడినవి. మొదటిది "ది బాయ్ ఈజ్ ఈగర్ టు ప్లీజ్". రెండవది "ది బాయ్ ఈజ్ హార్డ్ టు ప్లీజ్". ఒక విద్యార్థి మొదటిదానికి "బాలుడు మెప్పించుటకు ఆతురుడు" అనియు, రెండవదానికి "బాలుడు మెప్పించుటకు కఠినుడు" అనియు వ్రాసెను. మేము మొదటిదానికి మార్కులు వేసి, రెండవదానిని ఎర్రసిరాతో కొట్టివేసితిమి. ఫలితములు వెలువడిన పిమ్మట ఆ విద్యార్థి మాయొద్దకు వచ్చి, "రెండూ ఒకే అచ్చులో పోశానండీ. ఒకటి ఒప్పయి ఇంకొకటి తప్పెట్లా అయింది?" అని అడిగెను. అర్థము చెడినదని చెప్పితిమి. "చెడకుండా రాయడానికి గుర్తేమిటండీ?" అని అతని రెండవ ప్రశ్న. మొదటి ప్రశ్నకు ఏదో యొక సమాధానము చెప్పగలిగితిమి గాని, రెండవదానికి ఆనాడు మాయొద్ద సమాధానము లేకపోయెను. చదివినంతనే తప్పని తోచినది కావున తప్పంటిమి. అంతకు మించి మాకును తెలియదు.

ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము. నిత్యవ్యవహారమున ఆంగ్లేయులు విశేషణమునకు తుమున్నర్థక క్రియను చేర్చి వాడు వాక్యములు వేలకొలది గలవు. వాని వెలుపలి రూపమొక్కటే. లోపలి అన్వయములు మాత్రము పలువిధములు. ఆ భేదములను ఆంగ్లము పైకి చెప్పదు, విశేషణమున దాచియుంచును. తెలుగు వానిలో పెక్కింటిని విభక్తులచేతను క్రియారూపములచేతను పైకి చెప్పును. కావున ఈ వాక్యములను తెలుగులోనికి తెచ్చునపుడు, లేదా తెలుగువారికి ఆంగ్లము బోధించునపుడు, ఏ విశేషణము ఏ వర్గమునకు చెందినదో తెలియనిదే ముందడుగు పడదు.

రూపమును గురించి

ఈ వాక్యముల చట్టము నాలుగు భాగములు గలది. మొదట ఒక నామము, పిమ్మట "ఈజ్" వంటి సహాయక్రియ, అటుపై విశేషణము, చివర "టు" అనుదానితో కూడిన క్రియ. ఈ "టు" నేడు తుమున్నర్థక చిహ్నముగా మాత్రమే కనబడుచున్నను పూర్వమది విభక్త్యర్థము గల పదము. ప్రాచీనాంగ్లమున "టు" తరువాత వచ్చు క్రియ "ఎన్నె" అను చతుర్థీ రూపమును ధరించెడిది. అనగా దాని తొలి యర్థము మన "కు" ప్రత్యయార్థమునకు చేరువయైనది. మన "చేయుటకు" అనుదానిలోను క్రియాజన్యమైన నామము, దానిపై చతుర్థి, రెండును గలవు. ఈ పోలికవలననే "టు" కనబడినచోట నెల్ల "టకు" అని వ్రాయు నలవాటు మనలో బలపడినది.

ఇంకొక కారణము మన వ్యాకరణ సంప్రదాయమున గలదు. ఇచ్ఛార్థక ధాతువులతో తుమున్ ప్రత్యయమును విధించునపుడు పాణిని రెండు క్రియలకును కర్త యొక్కడే కావలెనని నియమించెను. కోరువాడెవడో చేయువాడును వాడే. సంస్కృత వ్యాకరణమును చదివిన మనకు తుమున్నర్థకము వినగానే కర్త యొకడేయను సంస్కారము ముందు మేల్కొనును. ఆంగ్లమున ఈ సంస్కారము కొన్ని విశేషణములయెడ చెల్లును, కొన్నింటియెడ చెల్లదు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ఆంగ్ల వైయాకరణులు ఈ వాక్యములను ఒక్కటిగా చూచుట మానివేసి చాల కాలమైనది. 1960లో రాబర్ట్ లీజ్ "లాంగ్వేజ్" పత్రికలో ఇట్టి వాక్యముల బహుళార్థతను గురించి వ్యాసము ప్రకటించెను. నోమ్ చామ్‌స్కీ 1964లో వెలువరించిన గ్రంథమున, "ఈగర్ టు ప్లీజ్", "ఈజీ టు ప్లీజ్" అను జంటను చూపి, పైరూపమును మాత్రమే వర్ణించు వ్యాకరణము ఈ భేదమును పట్టుకొనజాలదని వాదించెను. క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ అను నలుగురు కూర్చిన 1985 నాటి బృహద్వ్యాకరణమున ఈ పొందికలు ఏడు తెగలుగా విభజింపబడినవి. మన యవసరమునకు ప్రధానమైన అయిదు వర్గములు చాలును. ఏడింటిని ఇచ్చట వల్లించుటకన్న, తెలుగు వేరువేరు దారులు త్రొక్కు తావులను గుర్తించుట మేలు.

మొదటి వర్గము: కర్త యొకడే

"ఈగర్", "యాంక్షస్", "విల్లింగ్", "రిలక్టెంట్", "అఫ్రైడ్" మొదలగు విశేషణములు మనఃస్థితిని చెప్పును. "ది బాయ్ ఈజ్ ఈగర్ టు ప్లీజ్" అనినపుడు ఆరాటపడువాడును బాలుడే, మెప్పింపనున్నవాడును బాలుడే. పాణిని చెప్పిన సమానకర్తృకత్వము ఇచ్చట పూర్తిగా గలదు. తెలుగున "మెప్పించుటకు ఆరాటపడుచున్నాడు", "మెప్పింపవలెనని తహతహలాడుచున్నాడు", "పోవుటకు జంకుచున్నాడు" అందుము. ఆంగ్లమున విశేషణమైనది తెలుగున పెక్కుసార్లు క్రియగా మారుటను గమనింపవలెను. "ఆతురుడు" అని విశేషణమునే నిలిపినను అన్వయము చెడదు. మా విద్యార్థి మొదటి వాక్యమునకు మార్కులు వచ్చుటకు కారణమిదియే. అతడు అదృష్టవశమున సరియైన వర్గమున పడెను.

ఈ వర్గమునకు ఒక గుర్తు గలదు. విశేషణమును భావనామముగా మార్చినను తుమున్నర్థకము దానిని విడువదు. "హిజ్ ఈగర్‌నెస్ టు ప్లీజ్" అనవచ్చును. రెండవ వర్గమున ఇట్లనుటకు వీలులేదు. "హిజ్ ఈజీనెస్ టు ప్లీజ్" అని ఏ ఆంగ్లేయుడును అనడు.

రెండవ వర్గము: కర్త వేషమున కర్మ

"ఈజీ", "హార్డ్", "డిఫికల్ట్", "టఫ్", "ఇంపాసిబుల్", "ప్లెజెంట్", "డేంజరస్" మొదలగునవి ఈ వర్గమున చేరును. "ది బాయ్ ఈజ్ హార్డ్ టు ప్లీజ్" అను వాక్యమున బాలుడు మెప్పించువాడు కాడు, మెప్పింపబడవలసినవాడు. కర్తృస్థానమున గూర్చుండియున్నను అతడు "ప్లీజ్" అను క్రియకు కర్మ. మెప్పించువారెవరో వాక్యము చెప్పనే లేదు, ఎవరైనను కావచ్చును. "ఇట్ ఈజ్ హార్డ్ టు ప్లీజ్ ది బాయ్" అని మార్చినచో కర్మ తన స్వస్థానమునకు తిరిగి వచ్చును.

తెలుగున ఈ మార్పు అక్కరలేదు. "బాలుని మెప్పించుట కష్టము" అనునదే సహజ వాక్యము. ఇందు బాలుడు ద్వితీయా విభక్తియందు నిలిచియున్నాడు. కష్టమైనది బాలుడు కాదు, మెప్పించుట. ఆంగ్లమున క్రియ తరువాత ఖాళీగా నుండు తావును మన విభక్తి పూరించుచున్నదని చెప్పవచ్చును.

కర్మ మాత్రమే కాక ఇతర కారకములును ఇట్లే ముందునకు రాగలవు. "దిస్ హౌస్ ఈజ్ ప్లెజెంట్ టు లివ్ ఇన్" అను వాక్యమున ఇల్లు అధికరణము. "దిస్ పెన్ ఈజ్ హార్డ్ టు రైట్ విత్" అనుదానిలో కలము కరణము. "హీ ఈజ్ ఈజీ టు టాక్ టు" అనుదానిలో అతడు మాటలందుకొనువాడు. ఆంగ్లము ఈ సంబంధమును వాక్యాంతమున ఒంటరిగా వ్రేలాడు "ఇన్", "విత్", "టు" అను పదములచే సూచించును. తెలుగు దానినే నామమునకు తగిలించి, "ఈ ఇంటిలో నివసించుట హాయి", "ఈ కలముతో వ్రాయుట కష్టము", "అతనితో మాటలాడుట సులభము" అనును. మన విద్యార్థులు ఆంగ్ల వాక్యము చివరి చిన్నపదమును తరచుగా విడిచిపెట్టుటకు కారణము వారి అశ్రద్ధ యనుకొందుము. మన భాషలో ఆ పని నామముతోనే ముగిసిపోవుటయే అసలు కారణమని మా యభిప్రాయము.

ఈ వర్గమున తెలుగు విద్యార్థి చేయదగిన పొరపాట్లు మరి రెండు గలవు. ఒకటి, "ది క్వశ్చన్ ఈజ్ డిఫికల్ట్ టు ఆన్సర్ ఇట్" అని చివర "ఇట్" చేర్చుట. ప్రశ్న ముందే వచ్చియున్నందున ఆ తావు ఖాళీగానే యుండవలెను. రెండవది, "ఐ యామ్ డిఫికల్ట్ టు కమ్ టుమారో" అనుట. "నాకు రేపు వచ్చుట కష్టము" అను తెలుగు వాక్యమున ముందుగా నిలుచు "నాకు" అనుదానిని కర్తగా భావించుటవలన ఇది పుట్టును. ఆ "నాకు" ఆంగ్లమున "ఫర్ మీ" యగును, "ఐ" కాదు. "ఇట్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ మీ టు కమ్" అనవలెను. విద్యార్థి వ్రాసిన వాక్యము విన్న ఆంగ్లేయుడు కర్త స్థానమున నున్న "ఐ" అనుదానిని "కమ్" అను క్రియకు కర్మగా అన్వయింపజూచి, ఆ క్రియకు కర్మయే లేకపోవుటచే దారి తప్పును.

"ఈజీ టు బి ప్లీజ్డ్" అని కర్మణిరూపము వ్రాయు విద్యార్థులును గలరు. కర్మార్థమును కర్మణిచే చెప్పబూనుట తర్కమునకు విరుద్ధము కాదు. 1611 నాటి ఆంగ్ల బైబిలు అనువాదమున ఇట్టి విశేషణముల తరువాత కర్మణిరూపము వాడబడిన తావులు గలవు. నేటి వ్యవహారము దానిని విడిచినది. కావున దిద్దునపుడు "నేడిట్లు వాడరు" అని చెప్పుట న్యాయము. "ఇది అర్థరహితము" అనుట న్యాయము కాదు.

అర్థమును బట్టియే వర్గము నిర్ణయమగునని కూడ తలపరాదు. "దిస్ ప్రాబ్లమ్ ఈజ్ ఇంపాసిబుల్ టు సాల్వ్" అనుట సాధువు. దానికి వ్యతిరేకపదమైన "పాసిబుల్" అనుదానితో ఇట్లే వాక్యము నిర్మించిన అది ఆంగ్లేయుల చెవికి ఎబ్బెట్టుగా నుండును. "ఇట్ ఈజ్ పాసిబుల్ టు సాల్వ్ దిస్ ప్రాబ్లమ్" అనియే వారందురు. ఇట్టివి వ్యవహారమువలన నేర్వదగినవి.

మూడవ వర్గము: వక్త యొక్క అంచనా

"లైక్లీ", "సర్టెన్", "షూర్" అనునవి ఈ వర్గమునకు చెందును. "హీ ఈజ్ షూర్ టు ఫెయిల్" అను వాక్యమును గమనింపుడు. నిశ్చయము ఎవరిది? అతనిది కాదు, వాక్యము పలుకువానిది. "హీ ఈజ్ షూర్ దట్ హీ విల్ పాస్" అనిన నిశ్చయము అతనిది. పరీక్ష తప్పనున్నవాడు తాను తప్పక నెగ్గెదనని నమ్మియుండవచ్చును. ఒకే మనుష్యుని గురించి ఒకే దినమున ఈ రెండు వాక్యములును సత్యములు కాగలవు.

ఈ విశేషణములు వ్యక్తి గుణమును చెప్పక, మొత్తము సంఘటనకు తగులుకొనును. "దేర్ ఈజ్ లైక్లీ టు బి ఎ స్ట్రైక్" అను వాక్యమున కర్తృస్థానమునందలి "దేర్" ఏ వస్తువును సూచింపదు. వస్తువే కానిదానికి గుణము ఎట్లుండును? కావున "లైక్లీ" అనునది సమ్మె జరుగుట అను సంఘటనను గూర్చిన అంచనాయే. తెలుగున "సమ్మె జరుగునట్లున్నది", "అతడు వచ్చునట్లున్నది", "అతడు తప్పక తప్పును" అందుము. ఆంగ్ల విశేషణము మన భాషలో "అట్లున్నది" అను ముగింపుగానో, "తప్పక" అను అవ్యయముగానో మారినది. "అతడు వచ్చుటకు నిశ్చితుడు" అను అనువాదము రూపమునకు విధేయమై అర్థమునకు ద్రోహము చేయుచున్నది. ఈ వర్గమునందును వ్యవహారమే ప్రమాణము. "లైక్లీ" తుమున్నర్థకముతో చేరును. దాదాపు అదే అర్థము గల "ప్రాబబుల్" చేరదు.

నాల్గవ వర్గము: చేతను బట్టి చేసినవానిని తూచుట

"కైండ్", "వైజ్", "ఫూలిష్", "కేర్‌లెస్", "రూడ్" మొదలగునవి ఒక పనిని బట్టి దానిని చేసినవానిపై తీర్పు చెప్పును. "హీ వాజ్ ఫూలిష్ టు సైన్" అనిన అతడు సంతకము చేసెను అనునది అంతర్గతముగా నున్నది. దానిని "ఇట్ వాజ్ ఫూలిష్ ఆఫ్ హిమ్ టు సైన్" అని మార్చవచ్చును. ఇచ్చటి "ఆఫ్" ముఖ్యమైన గుర్తు. "ఇట్ వాజ్ గుడ్ ఆఫ్ హిమ్ టు కమ్" అనిన వచ్చుట అతని మంచితనము. "ఇట్ ఈజ్ గుడ్ ఫర్ హిమ్ టు కమ్" అనిన వచ్చుట అతనికి మేలు. ఒక చిన్న పదముతో మంచితనము మేలుగా మారినది.

తెలుగున ఈ రెండును పరస్పరము పొరపడుటకు వీలులేనంత దూరమున నున్నవి. మొదటిది "అతడు వచ్చి మంచిపని చేసెను". రెండవది "అతడు వచ్చుట అతనికే మంచిది". మొదటిదానిలో మనము క్త్వార్థకమును వాడితిమి. జరిగిపోయిన పనిని ముందు నిలిపి దానిపై తీర్పును తరువాత చెప్పుట మన పద్ధతి. "సంతకము చేసి తెలివితక్కువ పని చేసెను", "అడుగకయే లోనికి వచ్చి అమర్యాదగా ప్రవర్తించెను" అనునవి ఇట్టివే.

అయిదవ వర్గము: భావమునకు కారణము

"గ్లాడ్", "సారీ", "సర్‌ప్రైజ్డ్", "హ్యాపీ" అనునవి హృదయభావములు. "ఐ యామ్ సారీ టు హియర్ ఇట్" అనిన వినుట ముందు జరిగినది, విచారము పిమ్మట కలిగినది. ఈ విశేషణములు మొదటి వర్గమునకు చాల దగ్గరగా కనబడును. రెండింటను కర్త యొకడే. భేదము కాలమున గలదు. "అఫ్రైడ్ టు గో" అనునపుడు పోవుట ఇంకను జరుగలేదు. "సారీ టు హియర్" అనునపుడు వినుట జరిగిపోయినది. ఆంగ్లపు "టు" ముందునకును చూడగలదు, వెనుకకును చూడగలదు.

మన భాషలో ఈ రెండు చూపులకు రెండు రూపములు గలవు. రాబోవు పనికి తుమున్నర్థకము, జరిగిన పనికి క్త్వార్థకము. పాణిని క్త్వా ప్రత్యయమునకు రెండు నియమములు చెప్పెను. కర్త యొక్కడే కావలెను. ఆ పని పూర్వకాలమున జరిగినది కావలెను. అయిదవ వర్గమున ఈ రెండు నియమములును అమరియున్నవి. కావుననే "విని విచారించితిని", "మిమ్ము చూచి సంతోషించితిని" అను వాక్యములు తెలుగున ప్రయత్నము లేకయే పుట్టును. సంతాప లేఖలలో "ఈ వార్త వినుటకు విచారముగా నున్నది" అని వ్రాయుట నేడు కనబడుచున్నది. వ్రాసినవారి దుఃఖము నిజమైనదే. వాక్యము మాత్రము ఆంగ్లము నుండి అరువు తెచ్చినది. దుఃఖించు ఇంటికి పంపు జాబులో అరువు వాక్యమేల? "విని మిక్కిలి దుఃఖించితిమి" అను మాట మనకు తరతరములుగా గలదు.

ఈ విశేషణములే భవిష్యత్తును చూచినపుడు వర్గము మారును. "ఐ షల్ బి గ్లాడ్ టు హెల్ప్" అనిన "సంతోషముతో సాయపడెదను" అని యర్థము. ఇచ్చట సాయము కారణము కాదు, సంకల్పము. కావున ఒక పదము శాశ్వతముగా ఒకే వర్గమున నుండునని చెప్పరాదు.

తెలుగును చిక్కున పడు తావులు

ఇంతవరకు చెప్పినదానివలన తెలుగు అన్నిచోట్లను విస్పష్టమనియు, ఆంగ్లము అస్పష్టమనియు తలచిన అది స్వభాషాపక్షపాతమగును. "ది చికెన్ ఈజ్ రెడీ టు ఈట్" అను వాక్యమునకు రెండర్థములు గలవు. కోడి మేతకు సిద్ధమైనది అని యొకటి. వండిన కోడి భోజనమునకు సిద్ధమైనది అని వేరొకటి. దీనిని "కోడి తినుటకు సిద్ధముగా నున్నది" అని తెనిగించిన ఆ రెండర్థములును అట్లే నిలిచియుండును. "సిద్ధము" అను పదముతో మన తుమున్నర్థకము కర్తవైపునకును కర్మవైపునకును ఒదుగుచున్నది. అంగడిలో "రెడీ టు ఈట్" అని ముద్రించిన కూర పొట్లమును చూచి ఎవరును సందేహపడరు. కూర తినజాలదని అందరును ఎరుగుదురు. వ్యాకరణము విడిచిన చిక్కును లోకజ్ఞానము విప్పుచున్నది.

"టూ" అను పదము చేరినపుడు మరియొక విశేషము కనబడును. "ది కాఫీ ఈజ్ టూ హాట్ టు డ్రింక్" అను వాక్యమున నిషేధపదము లేదు. అర్థము మాత్రము నిషేధమే. తెలుగు ఆ నిషేధమును పైకి తెచ్చి "కాఫీ త్రాగలేనంత వేడిగా నున్నది" అనును. వ్యతిరేక క్రియాజన్య విశేషణమునకు "అంత" చేర్చు ఈ నిర్మాణము మన భాషకు సొత్తు. "త్రాగుటకు చాల వేడిగా నున్నది" అనిన, త్రాగుటకు తగిన వేడి గలదని కూడ వినువాడు భ్రమపడవచ్చును.

చూడచక్కనివి, వినసొంపైనవి

ఇక విద్యార్థి అడిగిన గుర్తు విషయము. తుమున్నర్థకము కర్మవైపు చూచు నిర్మాణము తెలుగునకు పరాయిది కాదు. "చూడచక్కని బాలుడు" అందుము. చూచువాడు బాలుడు కాడు, చూడబడువాడు. "వినసొంపైన పాట" అందుము. పాట వినదు, వినబడును. "చూడముచ్చట" అనునదియు ఇట్టిదే. ఈ సమాసముల పూర్వపదము "చూడన్", "వినన్" అను అన్నంత రూపము. అదియే మన ప్రాచీన తుమున్నర్థకము. "చూచుటకు అందముగా నున్నది", "వినుటకు ఇంపుగా నున్నది" అని విడదీసి చెప్పినను చెవికి బాధ లేదు. ఇవి సాధువులైనపుడు "మెప్పించుటకు కఠినుడు" అసాధువగుట ఎట్లు?

తుమున్నర్థకమును తొలగించి చూడవలెను. "పాట సొంపైనది" అనిన వాక్యము నిలుచును. సొంపు పాటయందే గలదు. "బాలుడు చక్కనివాడు" అనినను నిలుచును. "వినుటకు", "చూచుటకు" అనునవి ఆ గుణము ఏ యింద్రియమునకు గోచరించునో చెప్పుటకు వచ్చినవి. "బాలుడు కఠినుడు" అనినచో వాక్యము నిలుచును గాని అర్థము మారిపోవును; దయలేనివాడని తోచును. మూలమున కాఠిన్యము బాలునియందు లేదు, అతనిని మెప్పించు పనియందు గలదు. పనికి చెందిన గుణమును మనిషికి అంటగట్టుటయే మా విద్యార్థి చేసిన దోషము.

ఈ భేదము ఆంగ్లమునందును గలదు. "షీ ఈజ్ ప్రెటీ టు లుక్ ఎట్" అనుట సాధువు. దానిని "ఇట్ ఈజ్ ప్రెటీ టు లుక్ ఎట్ హర్" అని మార్చుటకు వీలులేదు. అందము ఆమెది, చూచుటది కాదు. "హార్డ్ టు ప్లీజ్" అనుదానిని అట్లు మార్చవచ్చునని ముందే చూచితిమి. ఆంగ్లము ఈ రెండింటిని ఒకే రూపమున నిలిపి, వాక్యమును మార్చబూనినపుడు మాత్రమే భేదమును బయటపెట్టును. తెలుగు మొదటినుండియే గుణము వస్తువుదైనపుడు తుమున్నర్థకమును, గుణము పనిదైనపుడు "మెప్పించుట కష్టము" అను క్రియానామమును ఎన్నుకొనును.

ఈ రెండింటికి నడుమ నిలుచు వాక్యములును గలవు. "ఈ పుస్తకము చదువుటకు సులభము" అని నేడు పలువురు వ్రాయుచున్నారు. ఇది కొందరికి రుచింపకపోయినను "మెప్పించుటకు కఠినుడు" వలె వికటముగా లేదు. తొలగించి చూచిన కారణము తెలియును. "ఈ పుస్తకము సులభము" అనుట మన వాడుకలో చెల్లును. సౌలభ్యమును పుస్తక గుణముగా మనము అంగీకరించియున్నాము. ఇట్టి నూతన ప్రయోగములన్నియు తప్పులని త్రోసివేయుటకన్న, ఈ గుర్తుతో పరీక్షించి నిలుచువానిని నిలువనిచ్చుట మేలని మా యభిప్రాయము.

బోధకులకు

తరగతిలో ఈ వాక్యములను బోధించునపుడు విద్యార్థిచే మూడు ప్రశ్నలు వేయింపవలెను. తుమున్నర్థక క్రియను చేయువాడెవడు? ఆ క్రియ తరువాత ఖాళీ తావు గలదా? ఆ పని జరిగినదా, జరుగనున్నదా? మొదటి ప్రశ్న ఒకటవ వర్గమును రెండవదానినుండి విడదీయును. రెండవ ప్రశ్న కర్మ కర్తవేషమున వచ్చినదేమో చెప్పును. మూడవ ప్రశ్న "టకు" వ్రాయవలెనా, క్త్వార్థకము వ్రాయవలెనా తేల్చును. మూడింటికిని లొంగనిచో అది వక్త యొక్క అంచనా యేమోయని చూడవలెను. తెలుగున వ్రాసిన పిదప తుమున్నర్థకమును తొలగించి చదువుట చివరి పరీక్ష. విశేషణముల పట్టికలను కంఠస్థము చేయించుటకన్న ఇది ఫలవంతము.

ఆంగ్లము మాతృభాషగా గల పిల్లలకును ఈ పాఠము ఆలస్యముగా పట్టువడునని తెలియుట మనకు ఊరట. కెరొల్ చామ్‌స్కీ 1969లో ప్రకటించిన గ్రంథమున అయిదు మొదలు పదేండ్ల వయసు గల పిల్లలపై జరిపిన పరిశీలన గలదు. కండ్లకు గంతలు గట్టిన బొమ్మను వారి ముందుంచి, అది చూచుటకు సులభమా కష్టమా యను నర్థమున "ఈజీ టు సీ" అను ప్రయోగముతో ఆమె ప్రశ్నించెను. బొమ్మ ఎదుటనే యున్నది. దానిని చూచుట మిక్కిలి సులభము. ఐనను చిన్నపిల్లలు కష్టమని చెప్పిరి. గంతలు గట్టినందున బొమ్మ చూడజాలదని వారి భావము. అనగా వారును కర్త యొకడేయని తలచిరి. పుట్టినది మొదలు ఆ భాషనే వినుచున్న పిల్లలు పడిన గోతిలో మన విద్యార్థి పడుట వింత కాదు. అతని తప్పును ఎర్రసిరాతో కొట్టివేయుట సులభము. అది ఎట్లు పుట్టినదో చెప్పుట మన విధి.

పైని చూపిన వర్గములు సంపూర్ణములని మేము చెప్పము. "స్లో టు రియాక్ట్" వంటి వాక్యములు, అందు విశేషణము నిజమునకు క్రియావిశేషణమై "మెల్లగా స్పందించెను" అని తెలుగున స్థిరపడు విధము, వేరుగా పరిశీలింపదగినవి. తెలుగున అన్నంత రూపముతో గూడిన "చూడచక్కని" వంటి సమాసములను ప్రాచీన కావ్యములనుండియు నేటి వాడుకనుండియు ప్రోగుచేసి, వానిలో ఏ ధాతువులు చేరునో, ఏవి చేరవో పరిశోధక విద్యార్థులు నిర్ణయింపవలసి యున్నది.

ఆ విద్యార్థి మార్కులు మారలేదు. పట్టికలు అప్పటికే కార్యాలయమునకు చేరియుండెను. పిమ్మట అతడు మరల కనబడినపుడు "బాలుని మెప్పించుట కష్టము" అను వాక్యమును కాగితముపై వ్రాసి, "ని" అను విభక్తి క్రింద గీత గీసి చూపితిమి. "అయితే బాలుడు కాదండీ కష్టం, మెప్పించడం" అని అతడే చెప్పెను. ఇన్ని పుటలలో మేము చెప్పబూనినది ఆ యొక్క మాటయే.